ఎడమకి తేనె, కుడికి పసరు

ఫిషింగ్ హార్బరు వెనక, ఐస్ ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని
మా డ్రెస్సింగు గది.
ఇక్కడ స్పిరిట్ వాసన ఒక్కరోజూ గెలవలేదు,
ఎండుచేపలదే పైచేయి.

శనివారం మైలపల్లి దానయ్య వచ్చాడు.
బోటు మీద తాడు జారి
రెండు అరచేతుల్లోనూ
కొలతపెట్టి కోసినట్టు రెండు గాట్లు.
డాక్టరమ్మ మొహం వెలిగింది
(పాపం, దాచుకోవాలనే చూసింది).
ఒకే ఒళ్లు, ఒకే తాడు, జంట గాయాలు:
ఆవిడ రెండేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి.

ఎడమచేతికి అరకు తేనె, మైనంలో కలిపింది.
కుడిచేతికి గాయపాకు పసరు, నువ్వులనూనెలో కాచింది.
కట్టడం, కొలవడం నా పని.
పల్చటి ప్లాస్టిక్ కాగితం పుండు మీద పరిచి
అంచు వెంట పెన్నుతో గీసి
గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టాలి.
మొదటిరోజు ఎడమ నూట పన్నెండు,
కుడి నూట పది.

ఒక సంగతి ఒప్పుకోవాలి.
గాయపాకు నాకు చిన్ననాటి చుట్టం.
సింహాచలం కొండకింద మా బడిలో
పలక తుడిచింది ఆ ఆకుతోనే,
మోకాలు చెక్కుకుపోతే నమిలి పూసుకున్నదీ అదే.
తప్పు రాసిన అక్షరాన్నీ, దోక్కుపోయిన తోలునీ
ఒకటే పసరు బాగుచేస్తుందని
ఎనిమిదేళ్ల వయసులో నాకు గట్టి నమ్మకం.
అందుకే నాలుగోరోజు
కుడివైపు లెక్కలో సగం గడి వదిలేశాను.
రాత్రి నిద్రపట్టక
పొద్దున్నే వచ్చి దిద్దాను.

తేనె చెయ్యి తడితడిగా, దానిమ్మ ఒలిచినట్టు ఎర్రగా.
పసరు చెయ్యి పొడిగా, అంచులు దగ్గరికి లాక్కుంటూ.
"ఏది సలుపుతోంది దానయ్యా?"
"రెండూ కాదమ్మా,
కాళీగా కూకోటమే సలుపుతంది."
కిటికీలోంచి అతని బోటు కనిపిస్తోంది,
అతను లేకుండానే డీజిలు పోయించుకుంటూ.

ఏడోరోజు అతని పెళ్లాం ఎర్రయ్యమ్మ
తగువుకే వచ్చింది.
"ఓలమ్మో, ఆ తేనె కట్టుకి సీమలట్టేస్తన్నాయి!
మంచం కోళ్లకింద నీళ్ల సిప్పలెట్టాను,
దూలమెక్కి దిగొస్తన్నాయి.
ఈడు నా మొగుడా, బెల్లం దిమ్మా?
ఆ ఆకుమందు సెయ్యికైతే దోమైనా వాల్దు."
మా ఫారంలో చీమలకి గడి లేదు.
మార్జిన్‌లో రాసుకున్నాను.

పదకొండోరోజు ఎడమ తొమ్మిది.
కుడి తొమ్మిది.
డాక్టరమ్మ కళ్లద్దాలు తుడుచుకుని
తనే లెక్కపెట్టింది.
తొమ్మిదే.

అప్పుడు దానయ్య నేలచూపులు చూస్తూ,
"ఓ మాటుంది అమ్మగారూ.
సీమల బాధ పడలేక
రేత్రులు కట్లిప్పేస్తన్నాను.
రెండు సేతులూ జతసేసి సెంపకింద ఎట్టుకుంతే గానీ
సిన్నప్పట్నించీ నాకు నిద్రట్టదు."

అంటే నాలుగు రాత్రులు
తేనె వెళ్లి పసరుని పలకరించింది,
పసరు వచ్చి తేనెకి మర్యాద చేసింది,
మధ్యలో ఒక మనిషి గుర్రుపెట్టాడు.

డాక్టరమ్మ నవ్విందో ఏమో, మాస్కు అడ్డం.
పేజీ మీద ఎర్రపెన్నుతో అడ్డగీత కొట్టింది,
మళ్లీ ఆగి, పేజీ మాత్రం చింపలేదు.
"ఇంతకీ ఏది నెగ్గిందమ్మా?" అంటాడు దానయ్య
లేత గులాబిరంగు అరచేతులు చాపి.
ఆయుష్షుగీతకి అడ్డంగా
రెండు చేతుల్లోనూ కొత్త గీతలు.
జాతకం చెప్పేవాడు కూడా తడబడతాడు.

మర్నాడు తెల్లారకముందే
అతను సముద్రం మీద ఉన్నాడు.
డాల్ఫిన్ నోస్ దీపం ఇంకా తిరుగుతోంది.
బీరువాలో డబ్బాలు రెండు, సగం సగం.
స్పిరిట్‌కి పగిలిన నా వేళ్లకి
అందులోంచి కొంత, ఇందులోంచి కొంత
కొలవకుండా రాసుకుని ఇంటికెళ్లాను.

రాత్రి దీపమార్పాక
ఏ దూలం మీంచి దిగాయో,
చీమలు
ఎడమా కుడీ చూడలేదు.